బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి

ప్రశ్న: మాది తెనాలి. చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తుంటాను. నాలుగేళ్ల కిందట కొన్న లాప్‌టాప్ రెండు నెలలుగా రోజుకు నాలుగైదుసార్లు ఆగిపోతోంది. ఒక్కోసారి నీలి స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతుంది. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా ఠక్కున ఆరిపోతుంది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం నుంచి మొదలు. షాపు రేకుల షెడ్డు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. విండోస్ రెండుసార్లు మళ్లీ వేయించాను. అంతకుముందే స్పీడు కోసం 8 జీబీ ర్యామ్ అదనంగా వేయించాను, కొత్తది కాబట్టి దాని మీద అనుమానం లేదు. సర్వీస్ షాపతను విండోస్ రాసుకునే లాగ్ చూసి, 'కెర్నెల్ పవర్ ఎర్రర్ వస్తోంది, మదర్‌బోర్డులో పవర్ సెక్షన్ పోయింది, 11 వేలవుతుంది' అంటున్నాడు. రెండు పేజ్‌మేకర్ ఫైళ్లు కూడా తెరుచుకోవడం లేదు. ముహూర్తాల సీజన్, టెన్షన్‌గా ఉంది. బోర్డు వేయించాలా, కొత్తది కొనాలా? టచ్‌ప్యాడ్ కూడా సరిగా నొక్కుడు పడటం లేదు, దానికి మౌస్ పెట్టుకున్నాను లెండి.

సమాధానం: మీ ఉత్తరాన్ని చివరి వాక్యం నుంచి అందుకుంటాను. మౌస్ పెట్టుకున్నాను లెండి అని మీరు తేలిగ్గా వదిలేసిన ఆ టచ్‌ప్యాడ్ దగ్గరే నాకు గుండె దడ మొదలైంది.

పని సేవ్ చేసుకుని లాప్‌టాప్ ఆపేయండి. చార్జర్ పీకేయండి. మూత మూసి, చదునైన గ్లాసు బల్ల మీద పెట్టి చూడండి. నాలుగు మూలలా సమంగా కూర్చుందా, లేక ఒక మూల నొక్కితే పొట్టి కాలు కుర్చీలా ఊగుతోందా? మూత తెరిచి, కళ్లను బల్ల మట్టానికి దించి పక్కనుంచి చూడండి. టచ్‌ప్యాడ్ చుట్టూ ఉన్న ప్లేటు కన్నా కాస్త పైకి లేచిందా? అడుగు ప్లేటు ఒకచోట గోరు దూరేంత విడిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బిందనే అనుకోండి. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి బ్యాటరీ సరిగ్గా మనం అరచేతులు ఆనించే చోట, టచ్‌ప్యాడ్ కింద ఉంటుంది. సెల్స్‌లో గ్యాస్ చేరి పూరీలా పొంగుతుంది. కింద నుంచి నెడుతుంటే టచ్‌ప్యాడ్‌కు కిందికి దిగడానికి చోటుండదు. అందుకే నొక్కుడు పడదు. చాలామంది టచ్‌ప్యాడ్ పాడైందనుకుని మౌస్ కొనుక్కుంటారు.

ఉబ్బిన లిథియం బ్యాటరీకి చార్జింగ్ పెట్టకూడదు. రాత్రి షాపులో ప్లగ్గులో వదిలేసి షట్టర్ వేసుకుని అస్సలు వెళ్లకూడదు. మీ షాపు నిండా కాగితమే. లేచిన చోట చేత్తో అదిమి సరిచేయాలని చూడొద్దు, స్క్రూడ్రైవర్‌తో కెలకొద్దు, సూదితో గాలి తీయొద్దు. చివరిది నవ్వు కోసం రాయలేదు, చేసినవాళ్లను చూశాను. సెల్‌కు చిల్లు పడితే మంట రావడానికి క్షణం చాలు. అడుగు ప్లేటు విప్పడం అలవాటున్న మనిషి చేత బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించి, బ్యాటరీ బయటికి తీయించండి. పాతదాన్ని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయొద్దు, కొత్తది కొన్న చోటే ఇవ్వండి. పాడైన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెడుతూ 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది కూడా.

బ్యాటరీ ఉబ్బలేదని తేలితే మంచిదే, నేను కంగారుపెట్టానని తిట్టుకోండి. అప్పుడు కూడా కింద చెప్పేదంతా వర్తిస్తుంది.

ఇక బోర్డు సంగతి. షాపతను మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేననను. లాగ్ తెరిచి చూశాడంటే చాలామంది కన్నా నయమే. కాకపోతే చూసినదాన్ని తప్పుగా చదివాడు. 'కెర్నెల్ పవర్', పక్కన 41 అనే నంబరు. ఈ ఎంట్రీలో పవర్ అనే మాట చూసి పవర్ సెక్షన్ పోయిందనుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. దాని అర్థం వేరు. లాప్‌టాప్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోతే, మళ్లీ ఆన్ అయినప్పుడు విండోస్ ఈ మాట రాసుకుంటుంది: 'పోయినసారి నన్ను సరిగా మూయలేదు.' అంతే. పొద్దున వచ్చిన వాచ్‌మన్ 'తలుపు తీసి ఉంది' అని రిజిస్టర్‌లో రాసినట్టు. ఎవరు తీశారో వాచ్‌మన్‌కు తెలియదు. మీరు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపినా ఇదే 41 వస్తుంది. ఆ ఒక్క ఎంట్రీని పట్టుకుని 11 వేల బోర్డు వేయించుకుంటే, సమస్య వేరేచోట ఉందని మళ్లీ మధ్యాహ్నం తెలుస్తుంది.

అయితే ఆ ఎంట్రీ లోపల పనికొచ్చే నంబరు ఒకటుంది, దాన్ని ఎవరూ చూడరు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. అక్కడ 41 ఎంట్రీ మీద నొక్కి, డీటెయిల్స్ అనే ట్యాబ్‌లోకి వెళ్తే 'బగ్‌చెక్ కోడ్' అని ఒక వరుస కనిపిస్తుంది. అక్కడ సున్నా ఉంటే, విండోస్‌కు కన్నుమూసే ముందు ఒక్క మాట చెప్పే అవకాశం కూడా రాలేదన్నమాట: కరెంటు తెగిపోయింది, లేదా వేడెక్కి ఆపేసింది, లేదా బిగుసుకుపోతే మీరే బటన్ నొక్కారు. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది నీలి స్క్రీన్ రకం. అక్కడ 26 ఉంటే మెమరీ మేనేజ్‌మెంట్, 10 ఉంటే ఐఆర్‌క్యూఎల్ అని మొదలయ్యే పొడవాటి పేరు, 80 ఉంటే పేజ్ ఫాల్ట్. ఒక కాగితం మీద తేదీ, టైమ్, ఆ అంకె రాసుకోండి. ఎంట్రీలో ఉండే టైమ్ మళ్లీ ఆన్ అయినప్పటిది, ఆగిపోయింది దానికి కాస్త ముందు. పది ఎంట్రీలు రాస్తే సున్నాలు కొన్ని, అంకెలు కొన్ని వస్తాయని నా నమ్మకం. ఎందుకంటే మీరు రెండు రకాలుగా ఆగిపోతోందని స్పష్టంగా రాశారు. రెండు నెలలుగా అందరూ దాన్ని ఒకే జబ్బుగా చూసి ఒకే మందు వేస్తున్నారు. నా అనుమానం, మీ లాప్‌టాప్‌లో విడివిడిగా రెండు జబ్బులున్నాయి, ఒకటి తగ్గినా రెండోది ఉండటంతో ఏమీ తగ్గలేదనిపిస్తోంది.

ముందు నీలి స్క్రీన్. దీనికి నేను పట్టుకునే ముద్దాయి మీరు నిర్దోషి అని వదిలేసిన కొత్త ర్యామ్. ర్యామ్‌కు ఒక వింత గుణం ఉంది. వాడగా వాడగా అరిగిపోయి చెడిపోవడం తక్కువ, లోపంతో వచ్చిందయితే వచ్చిన మొదటి రోజు నుంచే తన్నుతుంది. లేదా ముక్క మంచిదే అయినా స్లాట్‌లో సరిగా కూర్చుని ఉండదు. 'అంతకుముందే వేయించాను' అని మీరే రాశారు. ర్యామ్ వేయించడం, ఆగిపోవడం మొదలవడం, ఈ రెండు తేదీలకూ మధ్య ఎన్ని రోజులున్నాయో బిల్లు తీసి ఒకసారి చూడండి.

దీనికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఇంకొకటి ఉంది: తెరుచుకోని రెండు ఫైళ్లు. మీరు సేవ్ నొక్కగానే ఫైలు ర్యామ్‌లో ఉన్నది ఉన్నట్టుగా డిస్క్ మీదికి వెళ్తుంది. ర్యామ్‌లో ఒక గది పాడై అక్కడ ఒకటికి బదులు సున్నా ఉంటే, ఆ తప్పే ఫైల్లో కూర్చుంటుంది. డిస్క్‌కు అది తప్పని తెలియదు. విండోస్ రెండుసార్లు వేయించినా పోకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. కొత్త విండోస్ ఫైళ్లు కూడా ఆ పాడు ర్యామ్ గుండానే డిస్క్ మీదికి చేరాయి. అలాగని నీలి స్క్రీన్లన్నీ ర్యామ్ వల్లే రావు. వచ్చినప్పుడల్లా ఫోన్‌తో ఫొటో తీయండి. ప్రతిసారీ స్క్రీన్ మీది ఎర్రర్ పేరు మారుతుంటే ర్యామ్ మీద అనుమానం పెంచుకోవచ్చు. ప్రతిసారీ ఒకే పేరు వచ్చి, కింద ఎస్‌వైఎస్‌తో ముగిసే ఒకే ఫైలు పేరు కనిపిస్తుంటే అది ఏదో డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రామ్) పని, గ్రాఫిక్స్‌దో వైఫైదో ప్రింటర్‌దో. (2025లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ల నుంచి ఈ స్క్రీన్ నలుపు రంగులో వస్తోంది. మీది ఎప్పుడైనా అప్‌డేట్ అయితే నల్లగా అయిందని కంగారుపడకండి.)

పరీక్షకు పైసా ఖర్చు లేదు. బ్యాటరీ కోసం అడుగు ప్లేటు ఎలాగూ విప్పుతారు కదా, అప్పుడే కొత్త ర్యామ్ ముక్కను తీసి పక్కన పెట్టించండి. బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే ర్యామ్ ముట్టుకోవాలి, చేతిలో ఉన్న స్టాటిక్ పోవడానికి ముందు ఏదైనా ఇనుప వస్తువును తాకాలి. పాత ముక్క ఒక్కదానితో మూడు రోజులు పని చేసుకోండి. స్లో అవుతుందేమో అని వెనకాడకండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అప్పటి కంప్యూటర్లలో ర్యామ్‌ను మెగాబైట్లలో లెక్కపెట్టేవాళ్లు. మీ శుభలేఖకు మీ పాత ర్యామే పెళ్లి పందిరంత. ఫొటోషాప్, కోరెల్ రెండూ కలిపి తెరిస్తే కాస్త నెమ్మదిస్తుంది, ఓర్చుకోండి.

మూడు రోజుల్లో నీలి స్క్రీన్ ఒక్కటీ రాకపోతే దారి దొరికినట్టే. అప్పుడు కూడా కొత్త ముక్కను వెంటనే పారేయొద్దు. దాని అంచున బంగారు రంగు పళ్ల వరుస ఉంటుంది. వాటిని తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, స్లాట్‌లో ఏటవాలుగా పూర్తిగా లోపలికి దూర్చి, తర్వాత కిందికి అదిమితే రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకోవాలి. పళ్లు సగం బయటికి కనిపిస్తుంటే కూర్చోలేదని అర్థం. హడావుడిలో బిగించిన ర్యామ్‌లు ఇలా సగం కూర్చోవడం నేను ఎన్నిసార్లు చూశానో. సరిగా బిగించాక స్టార్ట్‌లో 'మెమరీ డయాగ్నస్టిక్' అని వెతికి టెస్ట్ పెట్టండి. రీస్టార్ట్ అయి పరీక్ష మొదలవగానే ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ అనేది ఎంచుకోండి, మామూలు టెస్ట్ పైపైన చూసి వదిలేస్తుంది. ఇంకా గట్టిగా కావాలంటే మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి దానితో ఆన్ చేయాలి. ఇది గంటల తరబడి నడుస్తుంది. కాబట్టి బ్యాటరీ సంగతి తేలేదాకా దీని జోలికి వెళ్లొద్దు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ముక్క పనికిరానిదే. 'ఒక్కటే కదా' అనేవాళ్లను నమ్మకండి, ఆ ఒక్కటీ ఏ పెళ్లికొడుకు ఫైల్లో పడుతుందో చెప్పలేం. బ్రాండెడ్ ర్యామ్‌లకు సాధారణంగా కొన్నేళ్ల వారంటీ ఉంటుంది. బిల్లు జాగ్రత్త.

ఇక రెండోది, ఠక్కున ఆరిపోవడం. మధ్యాహ్నం, రేకుల షెడ్డు, ఎండాకాలం అనగానే ఎవరైనా వేడి అనే అంటారు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ వేడికి ఒక పద్ధతి ఉంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే మొదట తనంతట తను వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ విమానంలా అరుస్తుంది, మౌస్ నత్తలా కదులుతుంది, కీబోర్డు పైవరుస దగ్గర వేలు పెట్టలేం. అప్పటికీ చల్లారకపోతేనే ఆపేస్తుంది. మీరు అలాంటిదేమీ రాయలేదు, 'ఏమీ చెప్పకుండా' అని రాశారు.

అందుకే ఇంకో ప్రశ్న అడుగుతాను. లాప్‌టాప్ ఆరిపోయిన ఆ క్షణంలో మీ షాపులో సీలింగ్ ఫ్యాన్ ఏం చేస్తోంది? చాలా షాపుల్లో ఇన్వర్టర్ కరెంటు మీదికి రాగానే ఫ్యాన్ గుర్రుమని ఒక శబ్దం చేస్తుంది, ట్యూబ్‌లైటు ఒక్కసారి కన్నుకొడుతుంది. లైన్ కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోవడానికి మధ్యలో సెకనులో చిన్న ముక్క ఖాళీ ఉంటుంది. మంచి బ్యాటరీ ఉన్న లాప్‌టాప్‌కు ఆ ఖాళీ తెలియను కూడా తెలియదు. బ్యాటరీ చచ్చిపోయి, పేరుకే లోపలుంటే, ఆ చిన్న ఖాళీకే ప్రాణం పోతుంది. మధ్యాహ్నం లోడు పెరిగినప్పుడు కరెంటు ఎక్కువగా వచ్చిపోతుంటుంది కాబట్టి మధ్యాహ్నమే ఆగుతోందని మీకు అనిపించవచ్చు. టచ్‌ప్యాడ్‌ను నెడుతున్నదీ, ఠక్కున ఆర్పేస్తున్నదీ ఒకే బ్యాటరీ అయితే నేను ఆశ్చర్యపోను. ఇది తేల్చడానికి కూడా మీ కాగితమే సాక్షి: సున్నా వచ్చిన ప్రతి ఎంట్రీ పక్కన ఆ టైమ్‌కు కరెంటు పోయిందా లేదా అని రాయండి. రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

కొత్త బ్యాటరీ వచ్చేదాకా బ్యాటరీ లేకుండా చార్జర్ మీద నడుపుకోవచ్చా అని అడుగుతారు. చాలా లాప్‌టాప్‌లు నడుస్తాయి, కొన్ని మొండికేస్తాయి, కొన్ని వేగం తగ్గించుకుంటాయి. నడిస్తే మంచిదే, కానీ కరెంటు కన్నుకొట్టినప్పుడల్లా ఆరిపోతుందని తెలిసే నడపాలి. డెస్క్‌టాప్‌లకు వాడే చిన్న యూపీఎస్ ఎవరి దగ్గరైనా ఉంటే నాలుగు రోజులు అడిగి తెచ్చుకోండి. చాలా ఇన్వర్టర్ల మీద నార్మల్, యూపీఎస్ అని ఒక స్విచ్ కూడా ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు పెడితే కరెంటు త్వరగా అందుకుంటుంది. మీది ఎటువైపు ఉందో చూడండి, కొన్న రోజు నుంచి ఎవరూ ముట్టుకుని ఉండరు.

బ్యాటరీ కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరు మాత్రమే చెప్పకండి, పాత బ్యాటరీ మీద ముద్రించిన పార్ట్ నంబరు ఫొటో తీసి చూపించండి. ఒకే మోడల్‌లో రెండు రకాల బ్యాటరీలు రావడం మామూలే. మరీ చవకగా దొరికే పేరులేని బ్యాటరీ వద్దు, ఇంత చదివాక ఎందుకో చెప్పనక్కర్లేదు. కొత్తది వేశాక లాప్‌టాప్ కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్‌ల స్క్రీన్) చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. పొద్దున్నుంచి రాత్రిదాకా ప్లగ్గులోనే ఉండే మీలాంటివాళ్ల లాప్‌టాప్‌లకు అది చాలా మేలు. నూరు శాతం చార్జ్‌తో ఎండలో ఉడకడమే బ్యాటరీలకు పెద్ద శత్రువు.

వేడిని మాత్రం పూర్తిగా వదిలేయను. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఫ్యాన్ కూడా చూడమనండి. ఫ్యాన్‌ను చూస్తే చాలామందికి శుభ్రంగానే కనిపిస్తుంది, దుమ్ము అక్కడ ఉండదు. ఫ్యాన్ గాలి వదిలే చోట సన్నటి రాగి రేకుల వరుస ఉంటుంది. ఆ రెండింటి మధ్యన చేరుతుంది. ఆమధ్య మా బాబాయి లాప్‌టాప్ విప్పితే అక్కడ దుమ్ము, నూలు కలిసి పాత పరుపులో దూదిలా గట్టిపడి ఉంది. ట్వీజర్‌తో పట్టి లాగితే ముక్కలు కాకుండా మొత్తం ఒకే పట్టీగా వచ్చింది. గాలి పోయే దారే లేదు, ఫ్యాన్ మాత్రం ఊరికే తిరుగుతోంది. మీ షాపులో కాగితం కత్తిరింపుల నలుసు కూడా తోడవుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల మధ్య అగ్గిపుల్ల పెట్టి తిరగకుండా ఆపమనండి, లేకపోతే ఆ గాలికి బొంగరంలా తిరిగి బేరింగ్ పోతుంది. నాలుగేళ్లయింది కాబట్టి ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి. తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మధ్యాహ్నం మూడింటికి ప్రాసెసర్ వేడి ఎంతుందో ఒకసారి చూడండి. ఊరికే ఉన్నప్పుడే 90 దాటుతుంటే ఫ్యాన్ పని ఇంకా మిగిలే ఉందన్నమాట.

బోర్డు పోవడమే జరగదని నేననడం లేదు. కొత్త బ్యాటరీ వేసి, ఒకే ర్యామ్‌తో, శుభ్రం చేసిన ఫ్యాన్‌తో, కరెంటు పోని సమయంలో కూడా సున్నా ఎంట్రీలు వస్తూనే ఉంటే అప్పుడు అనుమానించండి. దానికన్నా ముందు చార్జర్ మార్చి చూడండి, అదే వాట్‌లున్నది ఎవరిదైనా అడిగి ఒక పూట వాడితే చాలు. లాగ్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అనే పేరు ఎర్ర గుర్తుతో కనిపిస్తే మాత్రం అది నిజంగా హార్డ్‌వేర్ చేసే ఫిర్యాదు, దాన్ని షాపతనికి చూపించండి. కొత్త లాప్‌టాప్ ఆలోచన ఈ పనులన్నీ అయ్యాక చేయొచ్చు. బ్యాటరీ, క్లీనింగ్ కలిపినా 11 వేల దరిదాపులకు రాదు.

విప్పడానికి ఇచ్చే ముందు రెండు పనులు. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే అది ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది. హార్డ్‌వేర్‌లో చేయిపెట్టాక కొన్నిసార్లు అది అడుగుతుంది, లేకపోతే మీ డిస్క్‌ను మీరే తెరవలేరు. రెండోది, పని ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి, కానీ అందులో ఇదివరకే ఉన్న పాత బ్యాకప్ మీద రాయించకండి. కొత్త తేదీతో వేరే ఫోల్డర్ పెట్టండి. ఈ రెండు నెలల్లో సేవ్ అయిన ఫైళ్లలో ఏది మంచిదో ఏది చెడ్డదో తెరిస్తే గానీ తెలియదు, మంచి పాత కాపీని చెడ్డ కొత్త కాపీ మింగేస్తే ఇక దొరకదు.

తెరుచుకోని ఆ రెండు ఫైళ్ల మీద రిపేర్ ప్రోగ్రాములకు డబ్బు పెట్టకండి. ముందు మంచి ర్యామ్ ఒక్కటే ఉంచి మళ్లీ తెరిచి చూడండి, తెరవడంలోనే తప్పు జరుగుతుంటే అవి క్షేమంగా ఉండొచ్చు. అప్పటికీ తెరుచుకోకపోతే వాట్సాప్‌లో పార్టీకి ప్రూఫ్ కోసం పీడీఎఫ్ పంపారేమో వెతకండి. ఫొటోగా కాకుండా పీడీఎఫ్‌గానే పంపి ఉంటే, మార్పులేమీ లేని కార్డు అయితే ప్రెస్సుకు అదే ఇచ్చేయొచ్చు, ముహూర్తం టైమ్ మాత్రం ఇంకోసారి పార్టీ చేత చదివించండి.